డిగ్రీ పాసయినాను, వంకాయని అమ్మినాను

ముందు కబురు చెప్పేస్తాను, లేకపోతే ఆగలేను. నేను డిగ్రీ పాసయినాను. బి.ఎస్సీ. మనవరాలు బడికి పొయ్యే వయసులో దూరవిద్యలో కట్టి చదివినాను. రిజల్టు చూసుకునింది బోగోలు బస్టాండులో, టీ కొట్టు కాడ. పక్కన నిలబడున్నాయన ఎవురో నాకు తెలవదు, ఆయన చెయ్యి పట్టుకోని ఊపేసినాను. "మీ పిల్లకాయలకా అన్నా?" అన్నాడు. "కాదు, నాకే" అన్నాను. ఆయన టీ గ్లాసు కింద పెట్టి నన్ను పైనుంచి కింద దాకా చూసి, "ఇప్పుడు ఉద్యోగం ఇస్తారా మీకు?" అన్నాడు.

ఉద్యోగం అయిపోయిందయ్యా సామీ. అయిపోయినాకనే చదివింది.

మా నాయన అల్లూరు పక్కన ఉప్పు కయ్యల్లో పని చేసినాడు. మా నాయన వైపు గాని, అమ్మ వైపు గాని ఎవురూ చదువుకునేదానికి కాలేజి గేటు దాటలా. నేను మొదటిసారి కాలేజీలోకి పోయింది కూడా వార్షికోత్సవానికి గిటారు వాయించేదానికే. స్టేజీ వెనక గుమ్మం నుంచి పోయి, ఆ గుమ్మం నుంచే బయటకొచ్చినాను.

రెండో కబురు. రిజల్టొచ్చిన వారంలోనే నా గిటారు అమ్మినాను. ఎలక్ట్రిక్ గిటారు, జపాన్ సరుకు. మద్రాసులో ఒక స్టూడియో గిటారిస్టు వదిలించుకుంటా ఉంటే కొనుక్కున్నాను. నిగనిగలాడే వంకాయ రంగు, అందుకని ఆర్కెస్ట్రాలో అందరూ దాన్ని వంకాయ అనేవాళ్ళు. బస్సులో మా మాస్టారు "ప్రసాదూ, వంకాయ తెచ్చినావా?" అని అరిస్తే, ముందు సీట్లో ఆమె వెనక్కి తిరిగి "ముళ్ళొంకాయలా బాబూ?" అని అడిగింది ఒకసారి.

మా పక్క చర్చి బ్యాండ్లలో, పెళ్ళి పార్టీల్లో కొత్తగా గిటారు పట్టిన పిల్లకాయలు నన్ను అడగతా ఉంటారు, "అన్నా, మీ కాలంలో ఎట్టుండేది పని?" అని. ఇది వాళ్ళ కోసం. రాద్దామని కూర్చుంటే, వంకాయని అమ్మిన కతలోనే నా పని మొత్తం ఉందని తెలిసింది.

పనంటే ఏంది

కాళ్ళు ఎడం పెట్టుకోని, కళ్ళు మూసుకోని, రంగు లైట్ల కింద వాయించేదే పని అనుకోబాకండి. అది ఉంటాది, కానీ పచ్చడి మెతుకంత. మిగతాదంతా లారీలో స్పీకర్ల మధ్య ఇరుక్కోని పోవడం, పందిరి లేచిందాకా కాసుకోనుండటం, పెళ్ళోళ్ళ బంతులు అయిందాకా ఆకలి ఆపుకోవడం. కోట, అల్లూరు, బోగోలు, ఈ సముద్రం పక్కన ఊళ్ళన్నీ మావే. తిరనాళ్ళు, పెళ్ళిళ్ళు, క్రిస్మస్ నెలలో కూటాలు. రొయ్యల గుంటలు వచ్చినాక, పంట బాగా తీసిన ఆసాములు కూడా పిలిచి పార్టీ పెట్టేవాళ్ళు. రొయ్యకి తెల్లమచ్చ రోగం తగిలిందని తెలిస్తే, వాళ్ళు ఫోన్ చెయ్యకముందే మేము ఆ ప్రోగ్రాం లెక్కలోనుంచి కొట్టేసుకునేవాళ్ళం.

అసలు పని వినడం. సింగరు ఈ పొద్దు జలుబుతో వచ్చినాడు, పైకి పోలేడు. ఆ సంగతి ఆయన చెప్పడు, పరువు గదా. మొదటి ముక్క పాడేటప్పుడు గొంతు ఎట్టా వణికిందో విని, రెండో పాటకి శృతి నువ్వే దించాలి. దించినట్టు ఎవురికీ తెలవకూడదు, ఆయనకి కూడా. ఇది చెయ్యలేనోడు ఎంత స్పీడుగా వాయించినా నా లెక్కలో గిటారిస్టు కాదు. ఈ మాట మీకు కోపం తెప్పించినా సరే, నేను వెనక్కి తీసుకోను.

ఉప్పుగాలి

మా పక్క గిటారుకి మొదటి శత్రువు గాలి. ఇనప తీగలు, ఉప్పుగాలి. తీగలు మార్చిన కొద్దిరోజులకే ఎర్రబడిపోయి, వేళ్ళకి తుప్పు అంటతా ఉండేది. బోటు ఇంజను నడిపే మా బామ్మర్దిని అడిగినాను. "దీనికింత ఆలోచనేంది బావా, గ్రీజు పుయ్యి. మా ఇంజను చూడు, ఉప్పునీళ్ళలోనే ఉంటాది, ఏమన్నా అయిందా?" అన్నాడు. పూసినాను. ఆ సాయంత్రం పెళ్ళిలో పైతీగ మీద వేలు పెడితే అది జారి ఎక్కడో పోయి ఆగింది. పెళ్ళికూతురి మేనమామ వచ్చి, "కొత్త రకం వాయింపా ఇది? బాగుందే" అన్నాడు.

గ్రీజు సంగతి తెలిసి మాస్టారు వాత పెట్టినంత పని చేసినాడు. తర్వాత ఆయనే ఉపాయం చెప్పినాడు. గుడ్డ మూటలో వేయించిన బియ్యం కట్టి గిటారు పెట్టెలో పెడితే, అది చెమ్మ లాగేస్తాది. అప్పటినుంచి మా ఇంట్లో ఆ మూట తప్పలా. మా ఇంటామె సుగుణ తిట్టుకుంటానే మూట కట్టేది. "మనం తినేది స్టోరు బియ్యం, వంకాయకి మాత్రం సన్నబియ్యం" అని.

దానియేలు మాస్టారు

ఇప్పటిదాకా మాస్టారు, మాస్టారు అంటా ఉన్నానే, ఆయన పేరు దానియేలు. ఆర్కెస్ట్రా ఆయనదే, కీబోర్డు ఆయనే. ఇప్పుడు లేరు. నిజం చెప్పాలంటే మంచి మనిషి, చెడ్డ యజమాని. ఏ ఊరు పోతున్నామో బస్సెక్కిందాకా చెప్పడు. స్టేజీ మీద జనానికి నవ్వు చూపిస్తానే మమ్మల్ని పళ్ళ సందున తిట్టేవాడు. పొగడటం మాత్రం రానే రాదు. కానీ ఆయన చెప్పిన ఒక మాట నన్ను బతికించింది: "సింగరు ఊపిరి తీసుకునే చోట నువ్వు దూరబాకరా. ఆ ఊపిరి కూడా పాటే."

ఇంకొకటి కూడా బతికించింది, ఇది మాట వరసకి కాదు, నిజంగానే ప్రాణం నిలబెట్టింది. దాన్ని మేము తీగ ముట్టించడం అనేవాళ్ళం.

ఆ రోజుల్లో పందిట్లోకి కరెంటు ఎక్కడ దొరికితే అక్కడినుంచి లాగేవాళ్ళు. మైకులకి ఒక వైపునుంచి, మా యాంప్లిఫయర్లకి ఇంకో వైపునుంచి. ఎర్తు అనేది పేరుకే. గిటారులో తీగలన్నీ కింద ఒక ఇనప పట్టీ మీద ఆనుకోనుంటాయి, దాన్ని బ్రిడ్జి అంటాం. ఆ బ్రిడ్జికి ఒక వైరు ఉంటాది, అది లోపల్లోపల పోయి యాంప్లిఫయరు డబ్బాకి కలుస్తాది. డబ్బాలోకి కరెంటు దిగిందంటే తీగల్లోకీ దిగినట్టే. చేతులు తీగల మీద, పెదాలు మైకు మీద, మధ్యలో మనిషి. ఇంక చెప్పక్కర్లా.

అందుకని మాస్టారు రూలు పెట్టినాడు. ఎవురూ మైకు ముట్టుకోకముందే, గిటారిస్టు చెక్క మీద మాత్రమే చేతులు పెట్టుకోని, గిటారు పైకెత్తి, దాని తల దగ్గర తీగ మొన మైకు జాలీకి ఆనించాలి. టప్పుమని మెరిస్తే అన్నీ ఆపెయ్యాలి. మెరవకపోతే మొదలుపెట్టొచ్చు.

కింద కూర్చున్నోళ్ళకి ఇదంతా ఏం తెలుసు? కూటాల్లో అయితే పెద్దమ్మలు "వాయించేముందు ప్రార్థన చేసుకుంటాడు, ఎంత భక్తో" అనేవాళ్ళు. తిరనాళ్ళలో అయితే "సరస్వతికి మొక్కుకుంటున్నాడు" అనేవాళ్ళు. నేను రెండు చోట్లా తల ఊపినాను.

అల్లూరు పందిరి

అల్లూరు దగ్గర కోత కోసిన కయ్యలో పందిరేసినారు. పెద్ద పెళ్ళి. మధ్యాన్నం వాన పడి, వరిమోళ్ళ మధ్య నీళ్ళు నిలబడినాయి. సాయంత్రం తీగ ముట్టించినాను, మెరవలా. మొదలుపెట్టినాం. మూడు నాలుగు పాటలయినాక, తోరణాల్లో సీరియల్ లైట్లు వెలగలేదని పెళ్ళోళ్ళలో ఎవురో పోయి వైర్లు అటూ ఇటూ మార్చినారు. మాకు చెప్పలా. కోరస్ అందుకుందామని నేను మైకు కాడికి వంగినాను.

తర్వాత నాకు గుర్తుండేది పందిరి గుడ్డ. తెలుపు, ఎరుపు చారలు. వాటిని కింద పడుకోని చూస్తా ఉన్నాను, వంకాయ నా గుండెల మీద ఉంది. మా మైకుసెట్టు మస్తాను మెయిన్ లాగేసినాడు కాబట్టి ఈ పొద్దు మీకు ఇది రాస్తా ఉన్నాను. మాస్టారు నా మీదికి వంగి, "గిటారు బాగుందా?" అన్నాడు ముందు. తర్వాత "నువ్వు బాగుండావా?" అన్నాడు. అంటానే నా అరికాళ్ళు రుద్దతా ఉన్నాడు, అందుకని నేను కోపం తెచ్చుకోలా.

మర్నాడు బోగోలులో మస్తాను కొట్టుకి పోయినాం. వాడు వంకాయ వెనక రేకు విప్పి, బ్రిడ్జికి పొయ్యే వైరు కటుక్కుమని కోసేసినాడు. కొనకి నల్ల టేపు చుట్టి, "ఇంక తీగలకీ కరెంటుకీ చుట్టరికం లేదు పో" అన్నాడు. ఈ పక్క నాతోటి గిటారిస్టులు చానామంది అట్టనే కోయించుకున్నారు.

ఝుం

కోసినాక కొత్త తంటా మొదలయింది. ఆ వైరు బాగుంటే, తీగల మీద చెయ్యి పెట్టంగానే గిటారులో ఝుం అనే మోత ఆగిపోతాది. వైరు లేకపోతే చెయ్యి పెట్టినా ఝుం, తీసినా ఝుం. "పాట మధ్యలో కందిరీగలేందిరా?" అని మాస్టారు పళ్ళ సందున.

ఏం చెయ్యాల? నేను వాయించని ప్రతి చోటా చిటికెనవేలితో వాల్యూం తగ్గించడం నేర్చుకున్నాను. తీగ మీటి, తర్వాత మెల్లిగా వాల్యూం పెంచేవాణ్ణి. స్వరం దూరంగా పుట్టి దగ్గరికొచ్చినట్టు వినపడేది. జనం ఏమన్నారో తెలుసా? "ప్రసాదు గిటారు అల మాదిరి వస్తాది" అన్నారు. అదే నా స్టైలు అయిపోయింది. పక్క పార్టీల్లో పిల్లకాయలు నేర్చుకున్నారు. వాళ్ళ గిటార్లలో వైరు బాగానే ఉంది, ఝుం లేదు, అయినా చిటికెనవేలు తిప్పతానే ఉన్నారు.

అందుకే మీకు ఒక మాట చెప్తాను. ఎవురి వాయింపన్నా మీకు నచ్చితే, ఆయన గిటారులో ఏం చెడిపోయిందో ముందు కనుక్కోండి.

ఇంకో విచిత్రం. వైరు కోసినాక నా తీగ మైకుకి ఆనిస్తే మెరుపు రానే రాదు, చుట్టరికమే లేదు గదా. మస్తాను టెస్టరు పెట్టి మైకులు చూసేవాడు. అయినా నేను ముట్టించడం మానలా. చెయ్యి దానంతటదే లేచేది.

చూసేదానికొచ్చినోళ్ళు

తర్వాత్తర్వాత ఎడం చేతి ఉంగరపు వేలు వంగడం మానేసింది. డాక్టరు మాత్రలిచ్చినాడు, వేడినీళ్ళన్నాడు, వేలు మాత్రం నా మాట వినలా. పార్టీ వదిలేసినాను. ఖాళీగా ఉండలేక డిగ్రీకి కట్టినాను. ఒకరోజు వంకాయ పెట్టె తెరిస్తే తీగలు ఎర్రగా, నట్లు బిగుసుకుపోయి ఉన్నాయి. సుగుణ బియ్యం మూట మారుస్తానే ఉంది, కానీ చెయ్యి తగలని గిటారుని సముద్రం వదిలిపెట్టదు. అప్పుడు అనుకున్నాను, దీన్ని వాయించే చేతికి చేర్చాల. అది తప్ప ఇంకేం వద్దు.

మొదట వచ్చినాయన హైవే మీద హోటలు పెడతా ఉన్నాడు. చేతిలోకి కూడా తీసుకోలా. దూరంగా నిలబడి ఒక కన్ను మూసి చూసినాడు.

"గోడకి బ్రహ్మాండంగా ఉంటాదండీ. పక్కన చేపల తొట్టి, పైన లైటు."

"వాయించేదెవురండీ?" అన్నాను.

"వాయించేదేంది? బిర్యానీ తినేటప్పుడు జనం ఫోటో దిగతారు."

ఇవ్వనన్నాను. ఆయన పోయినాక సుగుణ అంది, "వాళ్ళయితే దుమ్మన్నా తుడిచేవాళ్ళు. నువ్వు పెట్టె తెరిచి చూసి నిట్టూర్చి మూసేస్తావు."

రెండోది నెల్లూరు నుంచి ఒక సాఫ్ట్‌వేర్ అబ్బాయి. ఫోన్లో మా అల్లుడు పెట్టిన ఫోటో చూసి, కారులో తన చిన్న యాంప్లిఫయరు కూడా పెట్టుకోని వచ్చినాడు. మంచి అబ్బాయి, బాగా వాయించినాడు, నాకు ఆశ పుట్టింది. ఝుం వినంగానే మొహం ముడుచుకున్నాడు.

"అంకుల్, ఇది ఫాల్ట్."

"ఫాల్ట్ కాదయ్యా, కోయించినాం" అని అల్లూరు కత మొదలుపెట్టినాను.

కత సగంలో ఉండంగానే, "పర్లేదంకుల్, లోపలంతా పీకేసి కొత్తవి వేయిస్తా. రంగు కూడా నలుపు కొట్టిస్తా" అన్నాడు.

"అప్పుడు నువ్వు కొనేదేందయ్యా?"

"చెక్క బాగుందంకుల్."

కాఫీ తాగించి పంపించినాను. కానీ ఆ ఫాల్ట్ అన్న మాట నన్ను వదల్లా. ఝుం అంటే అసలేంది? ఇన్నాళ్ళు దాంతో కాపరం చేసినాను. చెయ్యి పెడితే ఆగతాదని తెలుసు, వైరు కోస్తే ఆగదని తెలుసు. ఎందుకో మాత్రం తెలవదు.

నెల్లూరు ల్యాబు

ఆ వారమే ఫిజిక్సు ప్రాక్టికల్స్ పడినాయి నెల్లూర్లో. చెప్పే మేడం మా అమ్మాయి వయసు ఉంటాది. అందరూ రికార్డులు సర్దుకుంటా ఉంటే నేను చెయ్యెత్తినాను.

"మేడం, గిటారు తీగ ముట్టుకుంటే ఝుం ఎందుకు ఆగతాది?"

ఆమె గిటారు గురించి రెండు ప్రశ్నలడిగి, బోర్డు మీద మనిషి బొమ్మ గీసింది. "మన చుట్టూ గోడల్లో, వైర్లలో కరెంటు పోతూ ఉంటుంది కదండీ. మీ ఒళ్ళు యాంటెన్నా లాగా దాని ప్రభావాన్ని పట్టి, పక్కనే ఉన్న గిటారుకి అందిస్తుంది. తీగలకి వైరు ఉంటే, మీరు ముట్టుకోగానే మీ ఒంట్లోది అటువైపు దిగిపోతుంది. శబ్దం ఆగిపోతుంది."

"అంటే మేడం, ఆ ఝుం గిటారుది కాదా?"

"చాలావరకు మీదేనండీ."

క్లాసంతా నవ్వినారు. నేను ఆగలేక వరండాలోకి పోయి ఇంటికి ఫోన్ కొట్టినాను. "మే సుగుణా! ఇన్నాళ్ళు మోగింది వంకాయ కాదంట. నేనంట!"

"అది నాకు పెళ్ళయినప్పుడే తెలుసు" అని పెట్టేసింది.

మళ్ళీ లోపలికి పోయినాను. వైరు తిరిగి అతికిస్తే ఝుం ఆగతాది, కానీ అల్లూరు పందిరి మళ్ళీ రావొచ్చు గదా అన్నాను. మేడం ఆ వైరు మధ్యలో ఒక చిన్న వస్తువు గీసింది. కెపాసిటరు. ఝుంని పోనిస్తాది, మనిషిని చంపేంత కరెంటుని పోనివ్వదు. "సరైన రకం వేయించండి. ఇది ఉంది కదా అని ఎర్తు సంగతి, టెస్టరు సంగతి మర్చిపోకండి" అని రెండుసార్లు చెప్పింది. మీకూ రెండుసార్లు చెప్తా ఉన్నాను, మర్చిపోబాకండి.

బోగోలు వచ్చి మస్తానుకి ఆ బొమ్మ చూపించినాను. వాడిప్పుడు సీసీ కెమెరాలు అమ్మతా ఉన్నాడు, మైకుసెట్టు మూలన ఉంది. బొమ్మని అటు తిప్పి ఇటు తిప్పి చూసినాడు. "నేను కోసిన వైరుని నువ్వు డిగ్రీ చదివి అతికిస్తావా?" అన్నాడు. వస్తువు తెప్పించి పెట్టినాడు. అతికించేదానికి మాత్రం నాకు చెయ్యి రాలా. ఝుం పోతే వంకాయ వంకాయగానే ఉంటాదా? నా వాయింపంతా ఆ ఝుంలోనుంచి పుట్టిందే గదా. కొనేవాళ్ళు వచ్చినాక చూద్దాంలే అన్నాను.

రెబ్కా

కోట నుంచి రెబ్కా అనే అమ్మాయి ఫోన్ చేసింది. కూటాల్లో, పెళ్ళిళ్ళలో వాయించే బ్యాండు వాళ్ళది, లీడ్ గిటారు ఈమె. యాంప్లిఫయరు మస్తాను కొట్టులో ఉంది కాబట్టి అక్కడికే రమ్మన్నాను. స్కూటీ మీద వచ్చింది. వస్తానే "వందనాలన్నా" అని, వంకాయని రెండు చేతులతో తీసుకోని మెళ్ళో వేసుకుంది.

వేసుకోని ఏం చేసింది? గిటారు పైకెత్తి, తీగ మొన తీసుకపోయి మస్తాను బల్ల మీదున్న మైకుకి ఆనించింది. ఆనించి, ఆ చేతిని కళ్ళకద్దుకుంది.

నేను, మస్తాను ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"అమ్మా, ఎందుకట్టా చేసినావు?"

"ఏందన్నా, మీరు చేసేదే గదా! కోటలో కూటాలప్పుడు ముందు చాప మీద కూర్చోని మిమ్మల్నే చూసేదాన్ని. మీరు ముట్టించినాకనే పాట మొదలు. మా బ్యాండులో అందరం అట్టనే చేస్తాం."

"మరి కళ్ళకద్దుకునేది?"

"అది మేము కలుపుకున్నాం."

మస్తాను నవ్వలేక స్టూలు మీద కూలబడినాడు. నేను మెరుపు సంగతి, అల్లూరు పందిరి సంగతి, కోసిన వైరు సంగతి అంతా చెప్పినాను. ఆ అమ్మాయి మొహం ఎర్రబడింది.

"అంటే ఇన్నాళ్ళు మేము చేసింది ప్రార్థన కాదా? టెస్టరా?"

"టెస్టరే అమ్మా."

"మా పాస్టరు గారికి చెప్పబాకండన్నా. ఆయన దీని మీద ఒక ప్రసంగం కూడా చేసినారు."

ఇంక మస్తానుని పట్టుకోలేకపోయినాం.

అప్పుడు వాయించింది. ఝుం ఉంది. కానీ ఆమె చిటికెనవేలు వాల్యూం మీద ఉంది, మీటిన తర్వాత మెల్లిగా తిప్పతా ఉంది. స్వరం దూరంనుంచి వచ్చింది. నా వేలు వంగడం మానేసిందని ఎవురన్నారు, అది అక్కడ ఆ అమ్మాయి చేతికి ఉంది అనిపించింది. వాయించడం ఆపి అడిగింది, "ఈ ఝుం తీసెయ్యొచ్చా అన్నా?"

"తీసెయ్యొచ్చు. తీసేస్తే ఈ వాయింపు ఉంటాదో లేదో నాకు తెలవదు."

"చూద్దాం, రండి" అంది. అంతే. నేను వారాల తరబడి తేల్చుకోలేనిదాన్ని అట్టా తేల్చేసింది.

మస్తాను కళ్ళజోడు పెట్టుకోని వెనక రేకు విప్పినాడు. వాడు చుట్టిన నల్ల టేపు జిగురు కారి అట్టనే ఉంది. "నా టేపు చూడు, ఎట్టా పట్టుకోనుందో" అని మురిసిపోయినాడు. సోల్డరింగు పొగ లేచింది. కెపాసిటరు పెట్టి వైరు అతికించినాడు. టెస్టరు పెట్టి అన్నీ చూసినాడు. రెబ్కా తీగల మీద చెయ్యేసింది.

ఝుం ఆగింది.

కొట్టులో ఫ్యాను చప్పుడు వినపడింది. హైవే మీద లారీ హారను వినపడింది. అల్లూరు పందిరి తర్వాత, తీగల మీద చెయ్యుండంగా వంకాయ నోరు మూసుకోని ఉండటం నేను మళ్ళీ వినలా. నాకు ఏదో పోయినట్టు అనిపించింది, అబద్ధం చెప్పను.

అప్పుడు ఆ అమ్మాయి వాయించింది. అదే పాట. చూస్తే చిటికెనవేలు మళ్ళీ వాల్యూం మీదే ఉంది. అదే తిప్పడం, అదే రావడం, ఈసారి వెనక కందిరీగలు లేవు. అల ఒక్కటే ఉంది.

"ఇంకెందుకమ్మా తిప్పతావు? ఝుం లేదు గదా?" అన్నాను.

ఆమె ఆశ్చర్యంగా చూసింది. "ఝుం కోసమని నాకేం తెలుసన్నా? నాకు పాట వచ్చిందే అట్టా."

బేరం ఏమయిందో మీకు అనవసరం. ఆమె అడిగింది, నేను చెప్పినాను, మస్తాను మధ్యలో దూరి ఇద్దర్నీ తిట్టినాడు, కుదిరింది. సుగుణ పొద్దున్నే కట్టిచ్చిన కొత్త బియ్యం మూట పెట్టెలో పెట్టి, చెమ్మ సంగతి చెప్పినాను. పెట్టెలో పెట్టేముందు రెబ్కా వంకాయని ఇంకోసారి పైకెత్తింది. తీగని మైకుకి ఆనించి కళ్ళకద్దుకుంది.

"ఇప్పుడు తెలిసింది గదమ్మా?"

"తెలిసింది లేన్నా. టెస్టరూ పెట్టి చూస్తాను, ఇదీ చేస్తాను."

స్కూటీ మీద ముందర పెట్టె నిలబెట్టుకోని పోయింది. మలుపు దాకా పెట్టె తల కనపడతా ఉంది.

ఇంటికొచ్చినాను. సుగుణ "ఇచ్చేసినావా?" అంది. "ఇచ్చేసినా" అన్నాను. అని ఊరుకోవచ్చు గదా, ఊరుకోలా. రెబ్కా కళ్ళకద్దుకునింది చెప్పినాను, మస్తాను టేపు చెప్పినాను, మేడం బోర్డు మీద గీసిన మనిషి బొమ్మ మళ్ళీ చెప్పినాను, రిజల్టు మళ్ళీ చెప్పినాను. యాంటెన్నా అంటే ఏందో మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టినాను.

"ముట్టుకునేదానికి ఇంక తీగ కూడా లేదు నీకు" అంది సుగుణ. వచ్చి పక్కన కూర్చోని, వంగని వేలున్న ఆ చేతిని తన చేతిలోకి తీసుకుంది.

ఆగినాను.